మీరు వద్దు, టీచర్

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఒంట్లో ఎలా ఉంది, మరదలు ఎలా ఉంది లాంటివన్నీ చివర అడుగుతాను. ముందు నా కడుపుమంట చల్లారనీ.

మా పిచ్చుక గురించి నీకు రాస్తూనే ఉన్నాను కదా. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని వాళ్ళ నాన్న పెట్టుకున్న ముద్దుపేరు అది. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్ల. పుట్టుకనుంచీ కాళ్ళూ చేతులూ నాలుకా తన మాట వినవు. బుర్ర మాత్రం పాదరసం. ఒక్కో మాట బయటికి రావడానికి మొహమంతా చెమట పడుతుంది. కొత్తవాళ్ళకి ఒక్క ముక్క బోధపడదు. నాకు సగంలోనే తెలిసిపోతుంది. ఇలాంటి పిల్లల కోసం పెట్టిన మా బడిలో ఈ ఆరేళ్ళూ ఆ పిల్ల గొంతు నేనే. డాక్టరుతో నేనే, హెడ్‌మిస్ట్రెస్‌తో నేనే, ఒక్కోసారి కన్నతల్లితో కూడా నేనే.

ఈ ఏడాది మా క్లాసులో కొత్త పాఠం పెట్టాం. బడి అయిపోయాక ఎక్కడ ఉండాలో, ఏ పని చెయ్యాలో పిల్లలే చెప్పుకోవాలి. ఆఖరి సమావేశంలో పెద్ద కుర్చీ వాళ్ళది. ఎవర్ని పిలవాలో తేల్చేదీ వాళ్ళే. "ఇష్టం లేనిది వద్దనండి. ఎదుట ఎవరున్నా సరే మొహమాటపడొద్దు. అవతలివాళ్ళకి అర్థం కాకపోతే మళ్ళీ చెప్పండి" అని రోజూ చెవినిల్లు కట్టుకుని పోరాను.

నిన్న పిచ్చుకతో ఆ సమావేశం ఎలా జరపాలో సాధన చేయించాను. పెద్ద కుర్చీలో దర్జాగా కూర్చుంది. ఎవరెవర్ని పిలుస్తావని అడిగాను. అమ్మ, నాన్న, హెడ్‌మిస్ట్రెస్, ఉద్యోగాలు చూసిపెట్టే ఆఫీసరు. "మరి నేనో?" అన్నాను నవ్వుతూ.

"మీరు వద్దు, టీచర్."

ఎందుకమ్మా అని అడిగాను. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. నా నోట మాట పడిపోయింది కాబట్టి ఈసారి మధ్యలో అందుకోలేదు. "మీకు ముందే అర్థమైపోతుంది. నేనెప్పుడూ చివరిదాకా చెప్పలేదు" అంది.

నీ దగ్గర దాపరికమేమిటి, చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్న పిల్ల. నేను నేర్పిన మాట, మొట్టమొదట నా మీదే వాడింది.

పోనీ పౌరుషానికి పోయి ఊరుకుందామా అంటే, ఆ ఆఫీసరు కూర్చున్న దగ్గర్నుంచీ గడియారం చూసే రకం. బట్టల దుకాణం వెనక ప్యాకింగ్ గదిలో పిచ్చుకకి చోటు కోసం నా కాళ్ళరిగిపోయాయి. నేను పక్కన లేకపోతే ఆయన కాసేపు విని ఫైలు మూసేస్తాడు. ఆ చోటు పోతే ఆ పిల్ల ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అందుకే నిశ్చయించుకున్నాను. పిలవకపోయినా వెళ్ళి కూర్చుంటాను. క్లాసు టీచర్ని, నన్ను లేవమనేదెవరు? నువ్వు ఔనంటే నా మనసు కుదుటపడుతుంది. చిన్నప్పటినుంచీ నా మాటకి ఎదురు చెప్పనివాడివి నువ్వొక్కడివే.

మరదల్ని అడిగానని చెప్పు.

మీ అక్క

* * *

అక్కా,

రాసి చించేసి మళ్ళీ రాస్తున్నాను. నేను ఔననలేను.

నువ్వు మరిచిపోయి ఉంటావు, నాకు చిన్నప్పుడు నత్తి. ఇప్పటికీ ఉంది. నీకు వినబడలేదంటే, నీ పక్కన ఉండగా నాకు నోరు తెరిచే పనెప్పుడు పడింది గనక! కొట్లో నేను "ప... ప..." అనేలోపే నువ్వు "పంచదార" అనేసేదానివి. చాలాసార్లు పంచదారే. కొన్నిసార్లు పలక. అయినా పంచదార పట్టుకుని ఇంటికొచ్చేవాణ్ణి.

అది పోనీ. పదో తరగతి అయ్యాక నాన్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఏం చదువుతావురా?" అని అడిగారు, గుర్తుందా? నేను మొదలుపెట్టాను. నాన్న మొహంలో విసుగు కనబడింది. నా మీద జాలితో నువ్వే "లెక్కలంటే వీడికి ప్రాణం నాన్నా" అన్నావు. నాన్న పొంగిపోయారు. నేను తలూపాను. అప్పట్నుంచి లెక్కలే చూస్తున్నాను. అన్నం పెడుతున్నాయి, కాదనను. నీ మీద కోపం లేదు. అంత ప్రేమగా చూసుకున్నదానివి, ఏమని కోప్పడను?

కానీ నేను ఎదురు చెప్పలేదని రాశావే, ఎదురు చెప్పడానికి నాకు ఎంతసేపు పడుతుందో నువ్వు ఎప్పుడూ ఉండి చూడలేదక్కా.

ఆఫీసరు ఫైలు మూస్తే మూయనీ. ఆ పిల్లకి నష్టమే, నాకూ తెలుసు. అయినా నువ్వు వెళ్ళకు. ఇన్నేళ్ళొచ్చీ నేను అనలేని మాట ఆ పిల్ల అంది.

నీ తమ్ముడు

* * *

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు నీ మీదే మండిపడ్డాను. తర్వాత మళ్ళీ మొదటినుంచీ చదివాను.

సమావేశం ఇవాళ జరిగింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు వేసి ఉంది. ఎంతకీ లోపల అలికిడి లేదు. ఆఫీసరు దగ్గాడు. కుర్చీ జరిగిన చప్పుడైంది. లేచిపోతున్నాడేమో అనుకున్నాను. గబగబా వెళ్ళి తలుపు పిడి మీద చెయ్యి వేశాను. వేసి, అక్కడే నిలబడిపోయాను. పిచ్చుక గొంతు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. "నాకు అర్థం కాలేదమ్మా, ఇంకోసారి చెప్పు" అన్నాడు ఆఫీసరు. పిల్ల మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. కాసేపటికి అందరూ నవ్వారు. నేను చెయ్యి తీసేశాను.

బయటికొచ్చాక వాళ్ళమ్మ చెప్పింది. పిచ్చుకకి ప్యాకింగ్ గది వద్దట. ఆస్పత్రిలో టోకెన్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చుంటుందట. "అక్కడ అందరూ ఎలాగూ కాచుకునే ఉంటారు, నా మాటకీ కాచుకుంటారు" అందట. ఆఫీసరు కనుక్కుంటానన్నాడు. ఆ పని దొరుకుతుందో లేదో తెలియదు. ప్యాకింగ్ చోటు మాత్రం అక్కడికక్కడే వేరేవాళ్ళకి ఇచ్చేశాడు, దానికి నా మనసు ఇంకా పీకుతూనే ఉంది. ఈ ఆరేళ్ళలో ఆ పిల్ల నా దగ్గర ఆస్పత్రి మాట ఎత్తినప్పుడల్లా, ఒంట్లో బాగాలేదేమోనని నర్సు దగ్గరికి తీసుకెళ్ళేదాన్నిరా.

ఆదివారం నేను మీ ఇంటికి వస్తున్నాను. నాన్న అడిగిన రోజు నువ్వేం చెప్పబోయావో నాకు తెలియాలి. ఉత్తరంలో రాయకు. ఎదురుగా కూర్చుంటాను, చెప్పు. పొద్దున చెప్పడం మొదలుపెట్టి సాయంత్రమైనా సరే, నోరు మెదపను.

మీ అక్క