గొర్రెల దుమ్ము

చిరంజీవి టిల్విన్‌ను నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ, మీ మఠంలోని పెద్దలూ క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాను.

పదిరోజులుగా వాన లేదు. ఈ పొద్దున పై బీడు నుంచి గొర్రెల్ని ఉన్ని కత్తిరింపుకు తోలుకొచ్చారు. గొర్రెల దుమ్ము పైకి లేవదు. నేలబారున పరుచుకుని చాలాసేపు నిలుస్తుంది. రోజంతా దగ్గుతూనే పని చేశాం. కత్తెర చూసి పరుగెత్తిన పొట్టేలు ఒకటి ఈ ఏడూ ఉంది. మన పొరుగు దుద్దా దాని వెనకకాలు దొరకబుచ్చుకుని, "ఎక్కడికిరా ఓస్మార్, రేవు ఇటు కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళుగా మన ఊళ్ళో పారిపోయే పొట్టేలుకు, రేవు నుంచి పారిపోయాడన్న ఆ రాజు పేరే కదా. నేను నవ్వలేదు. నీ ఉత్తరం అప్పటికే నా అంగీలో ఉంది.

నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గలేదు, పెరగనూ లేదు. అమ్మ సమాధిని పశువులు తొక్కుతున్నాయని చుట్టూ కంచె వేశాను. నా చోటు కూడా కలిపే వేశాను. నా అక్షరాలు వంకరగా ఉన్నాయన్నావు. అమ్మ పోయాక చర్చి గురువు దగ్గర నేర్చుకున్నవి, ఇంతకన్నా రావు.

ఇక అసలు సంగతి. ఓస్మార్ రాజు కూతురు మీ మఠాధిపతి దగ్గరికి వచ్చిందనీ, రెల్లు రేవు బురదలో పూడ్చిన తండ్రి ఎముకల్ని చర్చిలోకి తెప్పించమని అడిగిందనీ రాశావు. సైన్యాన్ని వదిలి పారిపోయినవాడికి చర్చిలో చోటు లేదని ఆయన అన్నాడట. ఏటేటి సంగతులు రాసే పుస్తకంలో ఆ ఏడాది ఇంకా ఖాళీగా ఉందట. ప్రమాణం చేసిన పన్నెండుమందిలో నువ్వొకడివి, చూసింది రాయి నాన్నా అన్నావు.

రాస్తున్నాను. ఓడల మీద వచ్చి దోచుకునేవాళ్ళు ఏటిలోకి వస్తున్నారని రాజు మమ్మల్ని రేవుకు పిలిపించాడు. సగం ఊళ్ళు కాపలాకు, సగం ఊళ్ళు కోతకు. రెల్లు రేవు దగ్గర మా వంతు పన్నెండుమందిమి. రెండో సగం వచ్చి నిలబడ్డాకే మొదటి సగం కదలాలి. మా గడువు తీరి మూడురోజులైంది. ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టె అయిపోయింది. ఇక్కడ బార్లీ రాలిపోతోంది. మీ అమ్మకు నెలలు నిండాయి. మధ్యాహ్నం కొండదారిలో దుమ్ము కనిపించింది. మన బదులువాళ్ళు వచ్చేశారని దుద్దా మూట ఎత్తుకున్నాడు.

రాజు నీళ్ళలోంచి గట్టు మీదికి వచ్చాడు. అరవలేదు. "అవి గొర్రెలురా. ఎవరో భయపడి తోలుకుపోతున్నారు. వాళ్ళు వచ్చేదాకా ఉండండి" అన్నాడు.

"గొర్రెల సంగతి మాకు మీరు చెప్పాలా దొరా?" అని దుద్దా నావైపు తిరిగాడు. కాసేపటికి పన్నెండుమందిమీ గట్టు దిగి బయల్దేరాం.

గుట్ట ఎక్కాక నేను వెనక్కి చూశాను. పడవలు రెల్లులోంచి వచ్చాయి. రాజు తన ఇంటి మనుషులు ఏడుగురితో మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఎనిమిదిమందీ అక్కడే పడిపోయారు. నేను దిగి వెళ్ళలేదు. ఇంటికి వచ్చిన రెండోరోజు నువ్వు పుట్టావు.

బదులువాళ్ళు మర్నాడు చేరారు. రాజు శవం కింది మడుగులో దొరికింది. సైన్యాన్ని వదిలి వచ్చినవాడి పొలం పోతుందని, ఊళ్ళ తగవులు తీర్చే నూరిళ్ళ సభలో అన్నారు. రాజే ముందు పారిపోయాడనీ, ఏరు దాటబోయి మునిగాడనీ పన్నెండుమందీ పునీతుల ఎముకల పెట్టె మీద చెయ్యి వేసి ఒకటే మాట చెప్పాం. నువ్వు పెరిగింది ఆ పొలం తిండితోనే.

ఇంతవరకూ దుద్దాకు తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. మీ అమ్మకు కూడా చెప్పలేదు. దుద్దా నాగలి పట్టినవాడు, నిజంగానే పొరబడ్డాడు. ఆ రోజు నావైపు తిరిగి, "నువ్వు మందల్లో పుట్టినవాడివి, చెప్పరా. గొర్రెలా, మనుషులా?" అని అడిగాడు. దుమ్ము నేలబారున ఉంది. రాజు నోరు తెరవకముందే నాకు తెలుసు. మనుషులే అన్నాను.

ఈ సాయంత్రం కత్తిరింపు అయ్యాక దుద్దాకు చెప్పాను. పన్నెండుమందిలో మిగిలింది మేమిద్దరమే. అతను కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ముప్పై ఏళ్ళు ఆ పొట్టేళ్ళను నాచేత అలా పిలిపించావా?" అన్నాడు.

రాస్తే రెండు పొలాలూ పోతాయన్నాడు. అవునన్నాను. అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ణి చర్చి నేలలో పూడ్చనివ్వరు, మరి మీ అమ్మ ఎబ్బె పక్కన వేసిన కంచె సంగతేమిటన్నాడు. తెలుసన్నాను. అతను లేచి ఒంటిమీది ఉన్ని దులుపుకున్నాడు.

"అయితే నా పేరు ముందు రాయి. మూట ముందెత్తింది నేను. అదైనా సరిగ్గా రాయి."

తండ్రినని నా పేరు దాచకు. ఈ ఉత్తరం మీ పెద్దాయనకు చూపించు. పుస్తకంలో ఇంతమాత్రం రాయి:

కొత్త రొట్టెల పండుగకు ముందు మంగళవారం, మధ్యాహ్నం, రెల్లు రేవు నుంచి మొదట దుద్దా వెళ్ళాడు. తర్వాత హెరెబెర్ట్ వెళ్ళాడు. వాళ్ళ వెనక పదిమంది వెళ్ళారు. ఓస్మార్ రాజు వెళ్ళలేదు.

ఇట్లు,
నీ నాన్న హెరెబెర్ట్