ముద్దకొకటి, నాకొకటి

సిరిసిల్ల, 9 జూన్ 1995

ప్రియమైన జలపతికి,

ఫోన్లో అన్నీ చెప్పలేకపోయాను. మంగళవారం మీ అక్క పొద్దున్నే నూలు కండెలు చుట్టింది. పన్నెండింటికి నాకు అన్నం పెట్టింది. తర్వాత నువ్వు దుబాయి నుంచి పంపిన టీవీ ఆట పెట్టుకుంది. అదే, గుంతలు దూకే పిల్లవాడు, వెంట తెల్ల ముద్ద. రంగు మిఠాయి వేస్తే ఆ ముద్ద నిచ్చెన అవుతుంది, గొడుగు అవుతుంది. "గీ ముద్ద నీకంటె నయం. పెట్టింది తిని చెప్పిన పని చేస్తది" అన్నది. మూడింటికి ఛాతీలో నొప్పి అన్నది. కరీంనగర్ దారిలో, జీపులోనే పోయింది.

నిన్న మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెడితే కాకి ముట్టాలి. ముట్టలేదు. అత్తమ్మ నా ముఖం చూసింది. "పద్నాలుగేండ్లు సంసారం చేసినవు. నా బిడ్డకు ఏం ఇష్టమో ఎర్కలేదా?"

లేదు. ఎప్పుడూ మేం తిన్నాకే తినేది.

మీ బావ,
ఓదెలు


దుబాయి, 22 జూన్

బావకు దండాలు.

పాస్‌పోర్టు సేటు దగ్గరున్నది. అడిగితె, "అమ్మనా, అక్కనా?" అన్నడు. అక్కకైతె పంపరట. రాలేదని అక్క నా మీదనే అలిగింది బావా, కాకి గందుకే ముట్టలె. నెల మాసికంనాడు తలకాయ కూర పెట్టు. సర్వపిండి పెట్టు. సీసెడు కల్లు గుడ పెట్టు. అక్క తాగదు గని, కాకి తాగుతదేమో. ముట్టంగనే రాయి.

నీ బామ్మర్ది,
జలపతి


సిరిసిల్ల, 7 జూలై

ప్రియమైన జలపతికి,

అన్నీ పెట్టాం. వాడకట్టు వాళ్లు తలా ఒకటి చెప్పారు. పక్కింటి రాజక్క మిర్చి బజ్జీ అన్నది. అది రాజక్కకు ఇష్టం. మొత్తం తొమ్మిది రకాలయ్యాయి. కాకి కరెంటు స్తంభం మీద కూర్చుని ఒక్కొక్కటే చూసి పోయింది. తలకాయ కూర కుక్క తిన్నది. "నువ్వు మాకేం చుట్టమే!" అని అత్తమ్మ దాన్ని తరిమింది. కల్లు ఎవరు తాగారో తేలలేదు.

ఇంటికి వచ్చి ఆ టీవీ ఆట పెట్టాను. ఏదో మిఠాయి వేస్తే ముద్ద గుంత అయింది. పిల్లవాడు అందులో పడ్డాడు.

నీకేమైనా తెలిస్తే రాయి.

ఓదెలు


దుబాయి, 20 జూలై

బావా,

అక్క పాత ఉత్తరాలు మల్ల సదివిన. దొరికింది! "ఆటల ముద్ద తినే మిఠాయి ఎట్లుంటదిరా? పంపు" అని ఒకపారి రాసింది. నాతోని పనిజేసే కొడిమ్యాల సామేలు ఊరికి పోయినప్పుడు రెండు పొట్లాలు పంపిన. మల్ల ఉత్తరంల రాసింది: "ఆడేటప్పుడు ముద్దకొకటి, నాకొకటి. మీ బావకు చెప్పకు, నవ్వుతడు."

నేను చెప్పలె. ఇంట్ల ఎతుకు బావా.

జలపతి


సిరిసిల్ల, 5 ఆగస్టు

ప్రియమైన జలపతికి,

కండెల బుట్ట అడుగున ఒక పొట్లం దొరికింది. ఆరు మిగిలాయి. నేను నవ్వేవాణ్ని కాదు. నవ్వేవాణ్నేమో.

ఈ రోజు రెండో మాసికం. అన్నం పక్కన మూడు పెట్టాను. కాకి దిగింది. ఎర్రది ముక్కుకు అతుక్కుంది. అరవబోయి అరవలేక, తల విదిలించుకుంటూ గెంతి గెంతి, మళ్లీ రెండోదానికి వచ్చింది. వాడకట్టంతా నవ్వింది. అత్తమ్మ నవ్వుతూనే ఏడ్చింది. "నా బిడ్డ అలగలేదని తమ్మునికి రాయి" అన్నది. రాస్తున్నాను.

అందరూ తిన్నాక అత్తమ్మ గిన్నె అడుగు గీకి తింటోంది. ఏం ఇష్టమని అడిగాను. "నాకేముంటది ఇష్టం" అన్నది. మూడుసార్లు అడిగితే, దొంగతనం ఒప్పుకున్నట్టు, "మక్క గారెలు" అన్నది.

రేపు పొద్దున నేత సాంచెలు బంద్ పెడతాను. మక్కజొన్న కంకులు తెచ్చి గారెలు నేనే చేస్తాను. మొదటి వాయి అత్తమ్మకు పెడతాను.

మీ బావ,
ఓదెలు