కవరు మీద మూడు ఒకట్లు

రాజమండ్రి,
9 జూన్ 2003

ప్రియమైన బావగారికి నమస్కారాలు.

అక్క పోయి ఏడు నెలలైంది. ఎలా ఉన్నారని అడిగితే జవాబు రాయరని తెలుసు. అందుకే పని గురించే రాస్తున్నాను.

మా ఫార్మసీ కాలేజీలో విద్యార్థుల శిక్షణ నియమాలు మారుస్తున్నాం. ఇప్పుడు మూడు నెలలు మందుల షాపులో పనిచేసినట్టు సంతకం తెస్తే చాలు. షాపు గుమ్మం ఎక్కనివాళ్ళూ తెస్తున్నారు. నేనొక నియమం రాశాను: మందు ఇచ్చాక, ఎలా వాడాలో ఆ మనిషి చేత తిరిగి చెప్పించాలి. కమిటీ పెద్ద జగన్నాథరావు మాస్టారు నవ్వేశారు. "ఏ షాపులో జరుగుతుందమ్మా ఇది? ఒక్కటి చూపించు" అన్నారు. నరసాపురంలో మా బావగారి మందుల షాపులో మా అక్క రోజూ చేసేదన్నాను. ఇరవై మూడున నిర్ణయం. మీరు వచ్చి చెప్పకపోతే ఈ నియమం కొట్టేస్తారు.

మీ మరదలు,
ప్రసన్నకుమారి

నరసాపురం,
12 జూన్

ప్రసన్నకు ఆశీస్సులు.

నేను రాలేను. మీ అక్క చదివింది పదో తరగతి. ఆమె కౌంటరు దగ్గర మందుల గురించి మాట్లాడటమే తప్పని మీ కమిటీ అంటుంది. పోయాక ఆమెను ఎవరిచేతా మాట అనిపించను.

గోపాలకృష్ణంరాజు

రాజమండ్రి,
15 జూన్

ప్రియమైన బావగారికి,

మందు ఇచ్చింది మీరు. అక్క అడిగిందంతే. లేసు అల్లే పాపాయి గుర్తుందా? "ఏమే, రాజుగారు ఏం చెప్పారో చెప్పు చూద్దాం" అనేది అక్క. "మందుకొస్తే పరీక్ష పెడతారేంటండి" అని అది సణిగేది. "తప్పితే రేపు మళ్ళీ రా" అనేది అక్క. సరిగ్గా చెబితేగానీ కవరు చేతికిచ్చేది కాదు.

ఆ పద్ధతి మీరే నేర్పి ఉంటారు. బి.ఫార్మసీ చదివిన మీకు తప్ప ఎవరికి తడుతుంది? ఆ మాటే వచ్చి చెప్పండి. చాలు.

ప్రసన్న

నరసాపురం,
18 జూన్

ప్రసన్నకు,

నేను నేర్పలేదు.

ఆరేళ్ళ కిందట రేవులో చేపలమ్మే అచ్చాయమ్మకు షుగరు మాత్రలిచ్చాను. కవరు మీద ఒకటి-ఒకటి-ఒకటి అని రాశాను. కాలేజీలో నేర్చుకున్నది అదే. పూటకొకటని నోటితో చెప్పలేదు. షాపు నిండా జనం. ఆమెకు చదువు రాదు. మూడు ఒకట్లు చూసిన పక్కింటామె మూడు వేసుకోమంది. పొద్దున్నే మూడూ ఒకేసారి మింగి, రేవులో పడిపోయింది. అదృష్టం, బతికింది.

నేను రాసింది సరిగ్గానే ఉందని ఇంట్లో వాదించాను. మీ అక్క వరలక్ష్మి వాదించలేదు. రెండు రోజులు ఆసుపత్రిలో అచ్చాయమ్మ పక్కన కూర్చుంది. మూడో రోజు కౌంటరు చివర స్టూలు వేసుకుంది. పోయేదాకా అక్కడే కూర్చుంది.

ఇది మీ కమిటీకి చదివి వినిపించు. నా పేరు దాచొద్దు.

గోపాలకృష్ణంరాజు

రాజమండ్రి,
24 జూన్

ప్రియమైన బావగారికి,

నిన్న కమిటీలో మీ ఉత్తరం చదివాను. "ఆవిడ ఏం చదివారన్నావ్?" అన్నారు మాస్టారు. పదో తరగతండీ అన్నాను. "నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాల్లో ఇది లేదమ్మా. రాసుకోండి" అన్నారు.

ఈ ఏడాది నుంచే అమలు. మంజుష అనే అమ్మాయిని మీ షాపుకే పంపుతున్నారు. జూలై ఒకటిన వస్తుంది.

ప్రసన్న

నరసాపురం,
27 జూలై

ప్రసన్నకు,

జవాబు ఆలస్యమైంది.

మంజుష వచ్చింది. మొదటి రోజే, "ముందు మీరు ఒకరి చేత చెప్పించండి సార్, చూసి నేర్చుకుంటాను" అంది. అయిదేళ్ళకు పైగా నా పక్కనే జరిగిన పని. నేను ఒక్కసారీ చేయలేదు.

అప్పుడే పెద్దిరాజు గుండె మాత్రల కోసం వచ్చాడు. అయిదు నెలలుగా మా దగ్గరే కొంటున్నాడు. ఎలా వేసుకుంటున్నావయ్యా అన్నాను. "నొప్పొచ్చినప్పుడేనండి రాజుగారూ. ఊరికే మింగేస్తానేంటండి?" అన్నాడు. అది రోజూ వేసుకోవలసిన మాత్ర.

రిజిస్టరు తీశాం. వరలక్ష్మి పోయాక రోజువారీ మందులు తీసుకెళ్ళినవాళ్ళు అరవై రెండు మంది. మధ్యాహ్నాలు షాపు మూసి, ఇద్దరం వాళ్ళ ఇళ్ళకు వెళ్తున్నాం. నేను అడిగితే "అలాగేనండి" అని తలూపుతున్నారు. మంజుష నేల మీద కూర్చుని అడిగితే చెబుతున్నారు. నేనూ కూర్చోవడం మొదలుపెట్టాను.

నిన్నటికి నలభై ఒక్క ఇళ్ళయ్యాయి. తొమ్మిది మంది తప్పుగా వాడుతున్నారు. ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి. అవి అయ్యేదాకా ఉత్తరం రాయలేను.

మీ బావ,
గోపాలకృష్ణంరాజు