మిక్సీ వేసినా నీ ఆట ఆగలేదు

బావా,

మన సుజాతకి చిన్నప్పుడు ఎక్కాలు నేర్పడానికి నువ్వు రాసిన కంప్యూటర్ ఆట ఇవాళ మళ్లీ నడిచింది. నువ్వు పోయినప్పటి నుంచీ నా బెంగ ఒక్కటే, ఆట ఉన్న ఆ క్యాసెట్‌కి బూజు పట్టిపోతుందని.

మన అమ్మాయే ఓ చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చేసి, టీవీకి తగిలించే నీ పాత కంప్యూటర్ వెనక పెట్టింది. దాని డిజైన్ ఎవరో పుణ్యాత్ములు నెట్‌లో ఉచితంగా ఇచ్చారట. అందులో ఫోన్లలో వాడే మెమరీ కార్డే ఉంటుంది. ఆట కార్డులోకి ఎక్కించడానికి క్యాసెట్ ఆఖరిసారి తిప్పాం. కరెంటు ఊగితే ఎక్కడం మళ్లీ మొదటికొస్తుందని, క్యాసెట్ తిరిగినంతసేపూ ఫ్యానూ మిక్సీ వేయకూడదని నువ్వు పెట్టిన రూలే పాటించాను. ఫ్యాను కట్టేసి, చెమటలు కారుతున్నా కదలకుండా కూర్చున్నాను.

"అయిపోనాదమ్మా, ఇంక ఊపిరి తీసుకో" అంది సుజాత. "ఇకమీదట ఏటేసుకున్నా పర్వాలేదు, సూడు."

వంటింట్లోకి వెళ్లి కొబ్బరి పచ్చడికి మిక్సీ వేశాను. అది తిరుగుతుండగానే సుజాత మీట నొక్కింది. రెప్పపాటులో ఆట వచ్చేసింది.

"ఒసే, మిక్సీ ఆపు!" అని నువ్వు అరుస్తావేమోనని, అలవాటుగా ఓ క్షణం ఆపాను. అవతల సుజాత ఏడో ఎక్కం తప్పు చెప్పి నవ్వుతోంది.

మళ్లీ వేశాను.