పోస్టరులో ఉండిపోయిన బస్సు వేళ

వేణుగోపాలరావు గారికి,

మన సంఘం వెబ్‌సైటులో కంటి శిబిరం ప్రకటనను, అక్కడికి వెళ్ళే బస్సు వేళతో సహా, మీరు పూల అంచుల పోస్టరుగా పెట్టారు. గల్ఫులో మన కార్మికుల వసతి అయిన బర్వా అల్ బరాహాలో ఉండే గంగన్నకు చూపు మందగించింది. వెబ్‌సైటును ఫోను చదివి వినిపిస్తే వింటారు. నిన్న నా ముందే ఆ ప్రకటన తెరిచారు. ఫోను "బొమ్మ" అని ఊరుకుంది.

"మూడు దినాల సంది గిదే ఇంటున్న బిడ్డా. బస్సు ఎన్నడో చెప్పకపాయె. పొద్దుగాల్నే పోయిందట గదా?" అన్నారు.

మిమ్మల్ని నిలదీయాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ ఫోను చదవగలిగేలా పోస్టరులోని మాటలను విడిగా రాయవలసిన గడిని, మీరు విసుక్కున్నారని, ఖాళీగా వదిలినా చెల్లేలా మార్చింది నేనే. వెబ్‌సైటు అందరికీ అందాలని కళాశాల వేదికలపై వాదించి గెలిచిన నేనే!

ఇకపై ఆ గడి నింపనిదే ఏ ప్రకటనా వెలువడదు. ఈ శుక్రవారం గంగన్నను మీ కారులో కంటి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. నేనూ వస్తాను. ఆయన ముందు వినిపించడానికి నా దగ్గర ఏ వాదనా లేదు.

ఇట్లు,
మీ వెబ్‌సైటు రూపొందించిన విద్యార్థిని