తెరిచి ఉంచిన పేజీ

ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం
12-8-2003

లైబ్రరీ మేడమ్ గారికి నమస్కారం.

మా పదేళ్ల దేవిశ్రీ తెచ్చుకున్న సముద్రం బొమ్మల పుస్తకానికి గడువు దాటిందని కబురు పంపారు. ఇప్పుడు ఇవ్వలేను. అమ్మాయి అందులోనే ఉంది.

వాళ్ల నాన్న తుపానులో పోయేటప్పటికి అది నా కడుపులో ఉంది. ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. పుస్తకంలో ఖాళీ పడవ బొమ్మ చూసి, "అమ్మా, నానెల్లి నాన్నని తెచ్చేత్తాను" అంది. ఆటలనుకున్నాను. నేను చూస్తుండగానే పేజీలోకి కాలు పెట్టింది. కేక వేయబోయి నోరు నొక్కుకున్నాను. వేటకు వెళ్లేవాళ్లను మేము వెనక నుంచి పిలవం. పిలిస్తే తిరిగి రారంటారు.

పేజీ గాలికి తిరిగిపోకుండా వలకు కట్టే సీసం గుళ్లు పెట్టి ఉంచాను. బొమ్మ రోజూ మారుతోంది. చుక్కంత దూరం వెళ్లిన పడవ ఇప్పుడు ఒడ్డుకు తిరిగింది. ముందు మా అమ్మాయి తడిసిన జడతో నవ్వుతూ నిలబడింది. వెనక తెడ్డు పట్టుకుని ఒక మనిషి ఉన్నాడు.

మా అత్త పుస్తకం మీదికి వంగి, "ఓలమ్మ, నా కొడుకు వొచ్చేత్తన్నాడే" అని ఏడ్చింది. ఆమెకు చూపు ఆనదు. నాకు ఆనుతుంది. అతను మా ఆయన కాదు.

అమ్మాయి ఇప్పుడు ఎదురుగానే ఉంది కదా అని పిలిచాను. దానికి వినపడలేదు. అతను తలెత్తి చూశాడు.

రేపటికి పడవ జెట్టీకి చేరుతుంది. పుస్తకం మూసేయమంటారా, తెరిచే ఉంచమంటారా?

మీ జవాబు కోసం పుస్తకం పక్కనే కూర్చున్న,
దేవిశ్రీ తల్లి