సోమవారం ఆపేసిన కంప్యూటరు

అమ్మకు,

నమస్కారాలు. అక్కా, పాపా కులాసాగా ఉన్నారని, పాప ఎవరినీ కునుకు తీయనివ్వడం లేదని నీ ఉత్తరంలో చదివి నవ్వుకున్నాను. నేను క్షేమంగానే ఉన్నాను. ‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాయబోయి కలం ఆపాను. ఎందుకో ఈ ఉత్తరంలోనే రాస్తాను, ఓపిక పట్టు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వేళకు తింటున్నాను. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఇంటాయనతో పోట్లాడాను, నువ్వు వద్దన్నావని కాస్త మెల్లగా పోట్లాడాను. ఆస్పత్రిలో నేనేం చేస్తానో అక్క అత్తగారు అడిగితే చెప్పలేకపోయానని రాశావు. ఇలా చెప్పు. కంప్యూటర్లలో ప్రోగ్రాములు పాతబడతాయి. పాతబడినవాటిలో దొంగలు దూరే కంతలు బయటపడతాయి. తయారుచేసినవాళ్లు వాటికి అతుకులు పంపుతారు. ప్రతి సోమవారం పొద్దున్నే నేను నా గదిలోంచి ఆస్పత్రిలోని కంప్యూటర్లన్నిటినీ పలకరించి, ఎందులో ఏది పాతబడిందో చూస్తాను. పాతబడితే నా తెర మీద ఎరుపు, సరిగ్గా ఉంటే పచ్చ.

వినడానికి తేలికే. మనుషులతోనే చావు. అతుకు వేసుకోమని కంప్యూటరు అడిగిన ప్రతిసారీ ‘తర్వాత’ అనే మీట నొక్కుతారు. డాక్టర్లూ అంతే, బిల్లులు కొట్టేవాడూ అంతే. “నువ్వు ముట్టుకున్నాకే నా అక్షరాలు చిన్నవైపోయాయి తల్లీ” అంటాడు వాడు. “అక్షరాలు కాదు, నీ కళ్లు పాతబడ్డాయి” అన్నాను. పై నెల దాకా నాతో మాట్లాడడట. మంచిదే.

ఈమధ్య ఇంకో విద్య నేర్చారు. సోమవారం పొద్దున కంప్యూటర్లు ఆపేసి కూర్చుంటున్నారు. ఆపేసింది పలకదు. పలకనిది నా లెక్కలోకి రాదు. వరండాలో నిలబడి అరిచాను, “ఈ దిక్కుమాలిన తెలివి మీకెవరు నేర్పారు?” అని. బిల్లులవాడు మౌనవ్రతం పక్కన పెట్టి మరీ చెప్పాడు: “మీ పిన్నిని అడుగు.”

ఇక అసలు సంగతి. పోయిన వారం ఆస్పత్రి కంప్యూటర్లు ఒకదాని వెంట ఒకటి బిగుసుకుపోయాయి. ఎవరో బయటినుంచి దూరి అన్నిటికీ తాళాలు వేశారు. రక్తపరీక్షల ఫలితాలేవీ తెరుచుకోలేదు. జనాన్ని మళ్లీ రమ్మని మళ్లీ రక్తం తీశారు. ఒక ముసలావిడకు నరం దొరక్క రెండు చేతులూ పొడిచారు. “నిన్ననే ఇచ్చాను కదమ్మా, ఆ రక్తం ఏం చేశారు?” అని ఆవిడ నన్నే అడిగింది. నేనక్కడ తీగలు పీకుతున్నాను. తల ఎత్తలేదు.

దొంగ దూరింది రక్తపరీక్షల గదిలోని కంప్యూటర్‌లోంచి. అంటే నీ చెల్లెలి కంప్యూటరు.

మేనేజరు అందరినీ పిలిచి అడిగాడు. “సోమవారాలు ఎందుకు ఆపుతున్నారమ్మా? ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. ఊరికే వేడెక్కుతోందని ఆపాను” అంది పిన్ని.

ఆయన నావైపు తిరిగాడు. “నువ్వెందుకు పట్టుకోలేదు?”

“ఆపేసిన కంప్యూటరు నాకు కనపడదు సార్” అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదమ్మా. అందుకే ఇంత సిగ్గు. పిన్నిని ఇంటికి పంపేశారు, మళ్లీ పిలిచేదాకా రావద్దన్నారు. ‘ఫోన్‌లో దాని ఊసెత్తితే మాట మారుస్తున్నావు, ఏమైందో ఉత్తరంలో రాయి’ అన్నావు కదా. రాస్తున్నాను. ఆపమని ఆమెకు నేర్పింది నేనే.

ఆమె పరీక్షల యంత్రం అతుకులు వేయని పాత కంప్యూటర్‌తో తప్ప పనిచేయదు. అది ఆగితే ఆ గదే మూసేసి, పరీక్షలు బయట చేయిస్తామని పైవాళ్లు ముందే అన్నారు. “ఏదో ఒక దారి చూడవే చిటపటా” అని బతిమాలింది. దారి ఉంది. ఆ ఒక్కదానికి మిగతావాటితో సంబంధం తెంపేసి, ఫలితాలు చేత్తో రాసుకోమనాలి. అలా తెంపినదాన్ని నా తెర మీద నేనే చేత్తో ఎరుపుగా నమోదు చేయాలి, ఆ ఎరుపు అలాగే ఉండిపోతుంది. నాకేమో తెర మొత్తం పచ్చగా కావాలి. ఏ కాలేజీకీ వెళ్లకుండా నేర్చుకున్నానని మేనేజరు నా తెరను పదిమందికీ చూపించి మెచ్చుకుంటున్న రోజులవి. “సోమవారం పొద్దున కాసేపు ఆపెయ్ పిన్నీ, తర్వాత వేసుకో” అన్నాను. నేను నేర్చుకున్నది కూడా ఆస్పత్రివాళ్లు పారేస్తే పిన్ని మోసుకొచ్చిన కంప్యూటర్ మీదే. నీకు గుర్తుండే ఉంటుంది.

శనివారం ఆమె ఇంటికెళ్లాను. మేనేజరుకు చెప్పేస్తానన్నాను.

“చెప్పావంటే నా గడప తొక్కకు. నాకేం, ఇవాళ కాకపోతే రేపు ఇంట్లో కూర్చునేదాన్నే. నీ ఉద్యోగం పోతే మీ అమ్మకు నేనేం చెప్పను?” అంది.

ఆమె మాట వినలేదు. ఇవాళ సోమవారం కదా, పొద్దున్నే గదిగదికీ తిరిగి, తాళాలు వదిలి మళ్లీ నడుస్తున్న కంప్యూటర్లను ఎవరూ ఆపొద్దు, ఎరుపు వస్తే తిట్టేది మిమ్మల్ని కాదు అని చెప్పాను. తెర ఎర్రగా నిండిపోయింది. ఇన్నాళ్లూ నేను మురిసిపోయిన పచ్చదనం కింద ఉన్నది ఇదన్నమాట! మేనేజర్‌ని పిలిచి ఆ తెర ముందు నిలబెట్టి జరిగిందంతా చెప్పాను.

“ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“భయమేసింది సార్.”

“ఆమెను రేపటినుంచి రమ్మను. నీ సంగతి తర్వాత చూస్తాను” అన్నాడు. నేను రోజూ తిట్టుకునే ఆ ‘తర్వాత’ ఈసారి నామీదికే వచ్చింది.

అక్కణ్నుంచి నేరుగా పిన్ని ఇంటికి పోయాను. గడప ఇవతలే నిలబడి చెప్పాను. అంతా విని, “ఎన్నడూ లేనిది నీకోసం ఒక అబద్ధం ఆడాను. దాన్నీ నిలవనివ్వలేదు” అని తలుపేసుకుంది. రేపు పనికి వస్తుందో రాదో తెలియదు.

నేను చేస్తే ఫోన్ ఎత్తదు. నువ్వు చెయ్యి. నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడకు, తిడితే విని ఊరుకో. వేళకు తింటోందో లేదో మాత్రం కనుక్కో.

ఇట్లు,
మీ అక్కచెల్లెళ్లిద్దరి కూతురు,
చిటపట